బైరిముక్కు మీద పక్షుల పండగ

బైరిముక్కు మీద సముద్రం వైపు కెమెరా తిప్పకూడదన్న నియమం ఎలా పుట్టిందో ముందు చెప్పాలి. లేకపోతే ఆ రోజు అంతంత కెమెరాలు మెళ్లో వేసుకున్న చదువుకున్నవాళ్లంతా సముద్రానికి వీపు పెట్టి నిలబడి, టీకొట్టు అసిరయ్య కోడిపెట్టని ఎందుకు ఫొటోలు తీశారో ఎవరికీ బోధపడదు.

బైరిముక్కు అంటే సముద్రంలోకి పొడుచుకొచ్చిన ఎర్రరాతి కొండ. మూడు పక్కలా నీళ్లు, నాలుగో పక్క ఒకటే రోడ్డు. కొసన నిలబడి కిందికి చూస్తే నేరుగా అలలే కనిపిస్తాయి. ఆ మధ్య ఎవరో కుర్రాడు అక్కడ నిలబడి, వెనకాల సముద్రం పడేలా తన ఫొటో తనే తీసుకోబోయి, వెనక్కి వెనక్కి అడుగులేసి చతికిలబడ్డాడు. అతనికి మోచెయ్యి మాత్రం గీరుకుపోయింది. ఫోనూ, ఒక కాలి చెప్పూ సముద్రంలో పడ్డాయి.

ఆ కొండకి అధికారులు తీర విహంగ వీక్షణ మండలి వారు. వారు వెంటనే సమావేశమై, సమోసాలు తిని, బాగా ఆలోచించారు. పడిన క్షణంలో ఫోను కెమెరా ఎటు చూస్తోంది? సముద్రం వైపు. కాబట్టి ప్రమాదానికి కారణం కెమెరా సముద్రం వైపు చూడటమే. "శిఖర ప్రాంతమున ఎట్టి చిత్రగ్రహణ సాధనమునూ సముద్రాభిముఖముగా ఉంచరాదు" అని బోర్డు పెట్టించారు. చెప్పు గురించి కూడా ఒక సభ్యుడు ఏదో అనబోయారు గానీ, అప్పటికే అందరూ చేతులు కడుక్కుంటున్నారు.

అదే మండలి ఆ ఏడాది విహంగ వీక్షణ దినోత్సవం, దానితో పాటు పక్షుల ఫొటోల పోటీ జరపాలని తీర్మానించింది. ఆ రోజుల్లో జిల్లాలో పక్షుల పిచ్చి బాగా ముదిరింది. పుట్టి బుద్ధెరిగాక కాకిని అదిలించడం తప్ప ఏమీ ఎరగని పెద్దమనుషులు ఆకులు అచ్చేసిన చొక్కాలు కుట్టించుకుని, దుర్భిణీలు కొనుక్కుని, పొద్దున్నే పిట్టగోడలెక్కి కూర్చునేవారు. వాళ్ల ఇళ్లలో ఆడవాళ్లు పాలవాడికి గుమ్మం తీస్తూ తల కొట్టుకునేవారు.

ఈ పిచ్చి ఫ్యాషను కాకముందే పక్షుల్ని చూసిన మనిషి ఆ ఊళ్లో ఒకరే ఉన్నారు. ఆమె సూరీడమ్మ టీచరు. హైస్కూల్లో సైన్సు చెప్పి రిటైరయ్యారు. తప్పు కనిపిస్తే దిద్దకుండా ఉండలేని మనిషి. ఎర్రసిరా పెన్ను చేతిలోంచి పోయినా నాలిక మీద మాత్రం ఉండిపోయింది. పెళ్లి శుభలేఖలో అక్షరం తప్పుంటే అక్షింతలు వేసే ముందే పెళ్లికూతురి తండ్రికి చెప్పేవారు. అందుకని ఆమెను పెళ్లిళ్లకి పిలవడం బాగా తగ్గిపోయింది. ఆమెకీ అది హాయిగానే ఉంది. సాయంత్రాలు బైరిముక్కు ఎక్కి కూర్చునేవారు.

కొసకి కొంచెం దిగువన, సముద్రం వైపు, రాతిలో ఒక అరుగు ఉంది. దాని మీద బైరి జంట కాపురం. బైరి అంటే డేగల్లో ఒక జాతి. నేల మీద పాకేదాన్ని ముట్టుకోదు, ఎగిరే పిట్టని గాలిలోనే కొట్టి తింటుంది. ఆ అరుగు కింద ఎప్పుడూ పావురాల ఈకలు పడి ఉంటాయి. ఆ మాఘమాసంలో ఆడబైరి గుడ్ల మీద కూర్చుంది. సరిగ్గా ఆ అరుగులోకే ఇనుప దూలాలు దిగ్గొట్టి, దాని మీద అద్దాల బాల్కనీ కట్టాలని మండలి నిర్ణయించింది. జనం బాల్కనీ మీద నిలబడి పక్షుల్ని చూడాలన్నది ఉద్దేశం. రాయి తొలిచే మిషను అప్పటికే కొండ మీదికి వచ్చి, కార్లు ఆపే చోట కరెంటు స్తంభం పక్కన నిలబడి ఉంది. దాన్ని చూసినప్పటి నుంచి సూరీడమ్మ టీచరుకి అన్నం సహించలేదు.

ఆమె వెళ్లి మండలి డైరెక్టరు విశ్వంభరరావు గారిని కలిశారు. ఆయన నోరు విప్పితే ఆఫీసు ఉత్తరం చదువుతున్నట్టే ఉంటుంది. ఇంట్లో కాఫీ కూడా "తగు చర్య నిమిత్తం" అడుగుతారని గిట్టనివాళ్లు అంటారు.

"బైరి అను పక్షి సదరు కొండపై నివసిస్తున్నట్టు ఇంతవరకూ మండలి దృష్టికి రాలేదమ్మా."

"నా దృష్టికి రోజూ వస్తోందండీ. ఆ కొండ పేరే బైరిముక్కు."

"పేరు ఆధారం కాజాలదు. గుర్రంపాలెంలో గుర్రం ఉందా? మండలికి కావలసింది ఫొటో. అది కూడా నియమాలకు లోబడిన ఫొటో. దినోత్సవం నాడు అటువంటి ఫొటో ఒక్కటి వచ్చినా, పక్షి ఎక్కడుంటే అక్కడ రక్షణ కల్పిస్తాము. రాని పక్షంలో మర్నాడు ఉదయమే పని ప్రారంభం."

"అది కూర్చునేది సముద్రం వైపు. సముద్రం వైపు కెమెరా తిప్పకూడదన్నది మీరే కదండీ?"

విశ్వంభరరావు గారు జాలిగా నవ్వారు. "ఆ రెండూ వేరువేరు ఫైళ్లమ్మా."

దినోత్సవం రోజు తెల్లవారేసరికి కొండ మీద ఇసకేస్తే రాలనంత జనం. కొసకి బాగా ఇవతల సున్నంతో ఒక గీత గీసి ఉంది. గీత మీద పోటీదారులంతా సముద్రానికి వీపు పెట్టి వరసగా నిలబడ్డారు. వాళ్ల ఎదురుగా ఈల నోట్లో పెట్టుకుని మండలి భద్రతాధికారి దాలినాయుడు అటూ ఇటూ తిరుగుతున్నాడు. దాలినాయుడు సూరీడమ్మ టీచరు దగ్గర చదువుకున్నవాడే. గబ్బిలం పక్షి అని పరీక్షలో రాసి, ఆమె సున్నా వేస్తే, రెక్కలున్నాక పక్షి కాక మరేమిటని వాదించినవాడు. ఇప్పుడు మీసాలు వచ్చాయి గానీ ఆ సున్నా మాత్రం మరిచిపోలేదు.

"మేడమ్, ఏటనుకోకండి. కెమెరా ఇటు తిప్పుకోండి," అన్నాడు.

సూరీడమ్మ టీచరు కెమెరా తిప్పలేదు. తోటి టీచర్లు రిటైరైన రోజున ఇచ్చిన కెమెరా అది, దాన్ని గుండెకి అదుముకుని అడిగారు. "ఆ కుర్రాడు ఎలా నిలబడి పడ్డాడు నాయుడూ?"

"సముద్రానికి వీపు పెట్టి నిలబడి పడ్డాడండి."

"మరి మమ్మల్ని ఎలా నిలబెట్టావు?"

దాలినాయుడు వరస కేసి చూశాడు. ఈ చివరి నుంచి ఆ చివరిదాకా చూశాడు. ముఖం కొంచెం వాడింది.

"నియమం కెమెరా గురించి మేడమ్. వీపు గురించి ఏటీ రాయలేదు."

"కళ్లతో అటు చూడొచ్చా?"

"కళ్లు ఇంకా నియమంలోకి రాలేదండి. సూసుకోండి."

ఆ పొద్దున సముద్రం మీద పక్షులు విరగబడ్డాయి. తెల్లటి సముద్రకాకులు గుంపులు గుంపులుగా వీపుల వెనక నుంచి అరుచుకుంటూ పోయాయి. ఎక్కడెక్కడి చలిదేశాల నుంచో వచ్చిన పిట్టలు అలల అంచున పరుగులు పెట్టాయి. పోటీదారులు ఆ అరుపులు వింటూ, ఎదురుగా ఉన్నది ఫొటో తీశారు. ఎదురుగా ఉన్నది అసిరయ్య టీకొట్టు. కొట్టు ముందు బిస్కట్ ముక్కలు ఏరుకుంటూ కోడిపెట్ట ఒకటి తిరుగుతోంది.

ఆకుల చొక్కాలవాళ్లు ఆకన్నది లేని బండ మీద బోర్లా పడుకుని, ఊపిరి బిగబట్టి, మోచేతుల మీద పాక్కుంటూ దాని దగ్గరికి వెళ్లారు. ఒకాయన పక్కాయనకి చెవిలో, "చూశారా, ఎంత ధీమాగా తిరుగుతోందో! మనిషి వాసనే తెలియని ప్రాణి," అన్నాడు. కోడిపెట్ట ఆయన టోపీ మీదికెక్కి కాసేపు నిలబడింది. మిగతావాళ్లు ఆయన్ని కదలద్దని బతిమాలుకున్నారు.

"ఓలమ్మా, టీచరమ్మా!" అన్నాడు అసిరయ్య కొట్టులోంచి. "ఈ బాబులు నా పెట్టని అలగ సూస్తన్నారేటి? దిష్టి తగిలి గుడ్డు పెట్టడం మానేస్తే నానేటయిపోనూ?"

"వాళ్ల తప్పు కాదు అసిరయ్యా," అన్నారు సూరీడమ్మ టీచరు నిట్టూర్చి. "టీ ఇవ్వు."

ఎండ ఎక్కే వేళకి పోటీదారుల్లో సణుగుడు మొదలైంది. వందల మైళ్ల నుంచి వస్తే కాకులూ, గోరింకలూ, ఒక కోడిపెట్టానా అని ఒకాయన గట్టిగానే అన్నారు. కబురందుకుని విశ్వంభరరావు గారు జీపులో వచ్చారు. పరిస్థితిని సమగ్రంగా పరిశీలించి, మైకు అందుకున్నారు.

"ప్రత్యక్ష వీక్షణ నిషిద్ధమైనందున, పరోక్ష వీక్షణకు మండలి అనుమతిస్తున్నది!"

పరోక్ష వీక్షణ అంటే ఏమిటో కాసేపటికి తెలిసింది. కింద ఊళ్లో పెళ్లిమండపాలు అలంకరించే షామియానా కంపెనీ వాళ్ల వ్యాను నిండా నిలువుటద్దాలు దిగాయి. పైన గులాబీ పువ్వులూ, కింద "శుభమస్తు" అన్న అక్షరాలూ. వాటిని గీతకి ఎదురుగా, సముద్రం కనిపించేలా నిలబెట్టారు. పోటీదారులు సముద్రానికి వీపు అలాగే ఉంచి, అద్దంలో పడిన సముద్రాన్ని ఫొటో తీయాలి. ముందుగా అందరూ తల దువ్వుకున్నారు. తర్వాత తీసిన ఫొటోలన్నిటిలోనూ మధ్యన ఒక పెద్ద కెమెరా, దాని వెనక ఒక మనిషి, ఆ మనిషి చెవి పక్కన ఎక్కడో చుక్కంత పక్షి, కింద శుభమస్తు. గోరింకలు తమ నీడల్ని చూసి మండిపడి, అద్దాల మీద పడి పొడవడం మొదలెట్టాయి. దాంతో ఇద్దరు ముగ్గురికి మంచి ఫొటోలే వచ్చాయి.

సూరీడమ్మ టీచరు మాత్రం తల దువ్వుకోలేదు. కాంతి అద్దం మీద ఏ కోణంలో పడితే ఆ కోణంలోనే తిరిగి వస్తుందని తరతరాల పిల్లలకి బల్ల గుద్ది చెప్పిన మనిషి. గీత చివరికంటా, కొండ పక్కకి వంగి అరుగు ఓరగా కనిపించే చోటికి వెళ్లి, అసిరయ్యని పిలిచి, ఒక అద్దం పట్టుకోమన్నారు.

"కాస్త వంచు. ఇంకాస్త. ఎడమపక్కకి."

"ఇదేటి తల్లీ, సేతులు పీకేస్తన్నాయి."

"అలాగే ఉండు, కదలకు!"

అద్దంలో అరుగు కనిపించింది. అరుగు మీద ఆడబైరి. బొగ్గులాంటి తల, బుగ్గల మీదికి జారిన నల్లటి మీసం, ఇటిక రంగు పొట్ట, దాని కింద గుడ్లు. అది నేరుగా ఆమె కళ్లలోకే చూస్తున్నట్టుంది. సూరీడమ్మ టీచరు మీట నొక్కారు. కెమెరా వెనక పలకలో బొమ్మ చూసుకుని, చిన్నపిల్లలా అసిరయ్య భుజం మీద చరిచారు. అద్దం పడబోయి ఆగింది.

ఆమె ఆ ఫొటో పట్టుకుని పరుగులాంటి నడకతో డైరెక్టరు గారి దగ్గరికి వెళ్లారు. ఆయన కళ్లజోడు సవరించుకుని చాలాసేపు చూశారు.

"పక్షి స్పష్టంగా ఉంది. సంతోషం. ఫొటో తీసినప్పుడు తమ కెమెరా ఎటు ఉంది?"

"ఊరి వైపు."

"అద్దం ఎటు ఉంది?"

ఆమె అబద్ధం చెప్పే మనిషి కాదు. "సముద్రం వైపు," అన్నారు.

"అద్దం చిత్రాన్ని గ్రహించిందా, లేదా?"

"గ్రహించింది."

"గ్రహించింది గనుక అద్దం కూడా చిత్రగ్రహణ సాధనమే. అది సముద్రాభిముఖముగా ఉంచబడినది. ఈ ఫొటో చెల్లదు." ఆయన దాలినాయుడి వైపు తిరిగారు. "ఇంతటి ఉల్లంఘన జరుగుతుంటే నువ్వేం చేస్తున్నావయ్యా? అద్దాలన్నీ బోర్లించు!"

"పెట్టించింది తమరే కదండీ," అనబోయి దాలినాయుడు ఈల నోట్లో పెట్టుకున్నాడు. ఈల మోగుతుండగా అద్దాలన్నీ బోర్లా పడుకున్నాయి. సూరీడమ్మ టీచరు ఒక బండ మీద కూలబడి, కొంగు కళ్లకి అద్దుకున్నారు. తెల్లారితే మిషను కదులుతుంది. గుడ్లు పగలడానికి దూలం దాకా రానక్కర్లేదు, రాయి అదిరితే చాలు. పుస్తకంలో చూపించి పిల్లలకి చెప్పిన బైరిని ఈ ఊరి కొండ మీద ఇంకెవరూ చూడరు. ఆమె ఏడుపుని దాలినాయుడు చూశాడు. చూసి, బూటుతో సున్నం గీతని ఊరికే రాస్తూ నిలబడ్డాడు.

సాయంత్రం ముగింపు సభ. వేదిక కార్లు ఆపే చోట, కరెంటు స్తంభానికి పక్కన వేశారు. మండలి అధ్యక్షుల వారు పట్టు కండువాతో వచ్చి మాట్లాడారు. ఈ రోజు కాకి, గోరింక, కోడి అను విలువైన జాతులు నమోదైనాయనీ, బైరి అను పక్షి ఎక్కడా నమోదు కాలేదనీ, లేని పక్షి కోసం ఉన్న మనిషి బాల్కనీ వదులుకోజాలడనీ అన్నారు. అంతా చప్పట్లు కొట్టారు. చప్పట్లు కొట్టనిది సూరీడమ్మ టీచరూ, చేతులు ఖాళీ లేని అసిరయ్యా.

"ఇప్పుడు అధ్యక్షుల వారు శాంతికి చిహ్నంగా పావురాలను వదులుతారు!" అన్నారు విశ్వంభరరావు గారు.

బుట్ట తెచ్చారు. పోటీదారులంతా సముద్రానికి వీపు పెట్టి, వేదిక కేసి కెమెరాలు ఎత్తారు. పొద్దుటి నుంచీ నియమాన్ని ఇంత తేలిగ్గా పాటించగలిగిన ఫొటో ఇదొక్కటే. అధ్యక్షుల వారు తెల్లటి పావురాన్ని రెండు చేతులా పట్టుకుని, కెమెరాలన్నిటికీ సరిపడా నవ్వి, పైకి విసిరారు. దాని వెనకే మిగతావి లేచాయి. తెల్లటి రెక్కలు వేదిక పైన ఒక చుట్టు తిరిగాయి.

సూరీడమ్మ టీచరు ఆకాశంలోకి చూశారు. చాలా ఎత్తున ఒక నల్లటి చుక్క ఉంది. మగబైరి. గుడ్ల మీద కూర్చున్న ఆడదానికి తిండి తేవలసింది అదే. "అయ్యో, పావురాలండీ!" అన్నారు ఆమె. ఆ మాట పూర్తి కాకముందే చుక్క రాయిలా పడింది. ఠప్పుమని చప్పుడైంది. అధ్యక్షుల వారి పట్టు కండువా మీద తెల్లటి ఈకలు కురిశాయి. ఆయన ఇంకా నవ్వుతూనే ఉన్నారు, ఏం జరిగిందో ఆయనకి తెలియలేదు. బైరి ఆ పావురాన్ని కాళ్లతో పట్టుకుని వెళ్లి, అందరి కళ్ల ముందూ, కరెంటు స్తంభం మీద వాలింది. వాలి, తాపీగా ఈకలు పీకడం మొదలెట్టింది.

కొండ మీదున్న కెమెరాలన్నీ ఒకేసారి మోగాయి. అన్నీ ఊరి వైపే ఉన్నాయి. ఒక్కటంటే ఒక్కటి కూడా సముద్రం కేసి లేదు.

వేదిక మీద చాలాసేపు గుసగుసలు నడిచాయి. అధ్యక్షుల వారికి కుర్చీ వేసి, నీళ్లిచ్చి, ఈకలు దులిపారు. చివరికి విశ్వంభరరావు గారు మైకు దగ్గరికి వచ్చారు. నుదురు చెమటలు పట్టినా ఆయన భాష మాత్రం చెక్కు చెదరలేదు.

"నియమానుసారం ఫొటో వచ్చినందున, బైరి అను పక్షి ఉన్నదని మండలి అంగీకరిస్తున్నది. ఫొటో ఎక్కడ వచ్చినదో పక్షి అక్కడనే ఉన్నది. కావున సదరు పక్షి నివాసము ఈ కరెంటు స్తంభము. కొండ కొస దాని నివాసము కాదని కూడా ఇందుమూలముగా తేలుతున్నది."

సూరీడమ్మ టీచరు దిగ్గున లేచారు. తప్పు! ఇంత పెద్ద తప్పు ఆమె సర్వీసులో ఎన్నడూ చూడలేదు. బైరి స్తంభం మీద కాపురం ఉండటమేమిటి? నోరు తెరిచారు.

"అందువలన," అని విశ్వంభరరావు గారు సాగదీశారు, "ఈ స్తంభం చుట్టూ ఈ స్థలమంతా రక్షిత ప్రాంతముగా ప్రకటించడమైనది. ఇక్కడ యంత్రము నడుపరాదు. వాహనము నడుపరాదు."

"బాబూ," అన్నాడు అసిరయ్య టీ పళ్లెం పట్టుకుని, "ఆ రాయి తొలిసే మిషను తంబం పక్కనే ఉంది గదా. దాన్ని తియ్యాలంటే నడపాల గదా. మరేటి సేస్తారు?"

"నడుపరాదు," అన్నారు విశ్వంభరరావు గారు.

"మరింకోటి తెద్దారంటే, కొసకెళ్లే రోడ్డు ఇదొక్కటే గదా?"

"వాహనమూ నడుపరాదు," అన్నారు ఆయన. ఏదో తేడాగా ఉందని ఆయనకి అనిపించినట్టే ఉంది గానీ, నోట్లోంచి వచ్చిన ఉత్తర్వుని వెనక్కి తీసుకోవడానికి వేరే ఫైలు కావాలి. "ఒక లాంఛనం మిగిలింది. జీవశాస్త్రం తెలిసినవారు ధ్రువీకరించాలి. సూరీడమ్మ గారూ, సదరు పక్షి నివాసము ఈ స్తంభమేనా?"

ఆమెని వేదిక మీదికి పిలిచి, మైకు చేతిలో పెట్టారు. సూరీడమ్మ టీచరు తెరిచిన నోరు తెరిచినట్టే ఉంది. నిజం చెప్తే, పక్షి ఉండేది సముద్రం వైపు అరుగు మీద. అరుగు మీద ఉన్నట్టు చెల్లే ఫొటో లేదు. అప్పుడు స్తంభం స్తంభమే, మిషను మిషనే, తెల్లారితే పని మొదలు. ఆమె స్తంభం మీది బైరిని చూశారు. అది పావురాన్ని కాళ్లలో బిగించుకుని లేచి, అందరి తలల మీదుగా అరుగు వైపు ఎగిరిపోయింది. ఏ కెమెరా దాని వెంట తిరగలేదు, నియమం ఒప్పుకోదు. ఎదురుగా దాలినాయుడు, ఏడో తరగతిలో నిలబడ్డట్టే, చేతులు కట్టుకుని ఆమె జవాబు కోసం చూస్తున్నాడు.

"అవును," అన్నారు సూరీడమ్మ టీచరు. "ఈ స్తంభమే."

చప్పట్లు మోగాయి. ఆమె మైకు ఇచ్చేసి వేదిక దిగారు. దాలినాయుడు దగ్గరికి వచ్చి, ఎవరికీ వినపడకుండా అడిగాడు.

"మేడమ్, అది తప్పు కదండీ?"

"తప్పే నాయుడూ."

"మరి సున్నా వెయ్యలేదేటండి?"

"ఈసారికి నూటికి నూరు," అన్నారామె. కళ్లు తుడుచుకుని మళ్లీ అన్నారు, "గబ్బిలం మాత్రం పక్షి కాదు."

దాలినాయుడి మొహం విప్పారింది. ఆ వెంటనే, బయల్దేరబోతున్న అధ్యక్షుల వారి కారుకి అడ్డంగా వెళ్లి, బలంగా ఈల ఊదాడు. రక్షిత ప్రాంతంలో వాహనం నడపరాదు. అధ్యక్షుల వారు పట్టు కండువా భుజాన వేసుకుని కొండ దిగారు. వెనకే డైరెక్టరు గారు, ఆయన వెనక మండలి అంతా నడిచింది.

మిషను ఇప్పటికీ అక్కడే ఉంది. తుప్పు పట్టింది, దాని గొట్టంలో గోరింకలు గూడు కట్టాయి. స్తంభం చుట్టూ మండలి వారు ఇనప కంచె వేసి, "బైరి నివాసము" అని బోర్డు పెట్టారు. సెలవు రోజుల్లో జనం ఎక్కడెక్కడి నుంచో వచ్చి, సముద్రానికి వీపు పెట్టి, కరెంటు స్తంభాన్ని చూసి ఫొటోలు తీసుకుని పోతారు. అసిరయ్య టీకి గిరాకీ పెరిగింది.

సూరీడమ్మ టీచరు సాయంత్రాలు ఇప్పుడు కెమెరా లేకుండా వెళ్తారు. కొస పక్కన బండ మీద, సముద్రం వైపు తిరిగి కూర్చుంటారు. దిగువన అరుగు మీద తెల్లటి నూగుతో బైరిపిల్లలు నోళ్లు తెరుచుకుని తండ్రి కోసం అరుస్తుంటాయి. ఆమెని అలా చూసిన ఏ మంచిమనిషో అప్పుడప్పుడు వచ్చి, "అమ్మా, మీరు అటు చూస్తున్నారు, పక్షి ఇటుందండీ," అని చెప్తూంటాడు.

"అలాగా బాబూ," అంటారామె, తల తిప్పకుండా. "నాకు తెలీదు."